సూదీ దారం, కొంచెం మొండితనం

అర మీటరు వెడల్పు కూడా ఉండదు ఆ గుడ్డ. అడుగున ఉన్నది గోనె. బంగాళాదుంపలో పిండో మోసుకొచ్చిన సంచిని విప్పి పరిచినదే. దాని మీద పాత చొక్కాల ముక్కలు, గౌన్ల ముక్కలు వేసి కుట్టారు. పైన పసుపు గుడ్డతో ఓ సూర్యుడు. సూర్యుడి కింద వరసగా కొండలు, కొండల కింద చిన్న చిన్న ఇళ్ళు, ఇళ్ళ ముందు వేలెడంత గుడ్డబొమ్మలు. బొమ్మలకి ఊలు జుట్టు, దారం కళ్ళు. చుట్టూ ఊలుతో అల్లిన అంచు. దూరం నుంచి చూస్తే పిల్లల గదిలో గోడకి తగిలించుకోవాలనిపిస్తుంది. దగ్గరికి వెళితే కానీ తెలియదు, ఆ బొమ్మలు గుండెకి ఆనించి పట్టుకున్నవి ఫొటోలని. పక్కనే సన్నటి అక్షరాలతో 'వాళ్ళెక్కడ?' అని కుట్టి ఉందని.

చిలీ దేశంలో వీటిని ఆర్పియేరాలు అంటారు. 1973 సెప్టెంబర్ 11న అక్కడ జనరల్ పినోచెట్ నాయకత్వంలో సైన్యం, జనం ఎన్నుకున్న అయ్యెందే ప్రభుత్వాన్ని కూల్చేసింది. తర్వాత పదహారేళ్ళకు పైగా సైనిక పాలన. మూడు వేల మందికి పైగా ప్రాణాలు పోయాయి. వాళ్ళలో వెయ్యి మందికి పైగా ఏమయ్యారో, ఎక్కడ పూడ్చారో ఇప్పటికీ లెక్క తేలలేదు. అర్ధరాత్రి ఇంటి ముందు నంబరు ప్లేటు లేని కారు ఆగుతుంది. కొడుకునో మొగుణ్ణో ఎక్కించుకుపోతుంది. తెల్లారి ఠాణాకి వెళితే, ఆ పేరుగలవాడెవడూ మా దగ్గర లేడంటారు. జైలుకి వెళ్తే అదే మాట. ఆస్పత్రికి వెళ్తే అదే మాట. శవాగారం ముందు క్యూలో నిలబడితే, ముందూ వెనకా తనలాంటి ఆడవాళ్ళే.

ఆ క్యూల్లో పరిచయమైనవాళ్ళు కొందరు, మొగుడికి పని పోయి ఇంట్లో పొయ్యి వెలగనివాళ్ళు మరికొందరు, సాంటియాగో శివార్లలో చర్చి హాళ్ళలో చేరారు. చర్చి అప్పట్లో వాళ్ళకి మిగిలిన ఒకే ఒక్క నీడ. కార్డినల్ సిల్వా ఎన్రీకెస్ 1976లో బాధితుల కోసం వికారియా దె లా సోలిదారిదాద్ అనే సంస్థనే పెట్టాడు. అక్కడ ఈ ఆడవాళ్ళు కూర్చుని కుట్టారు. ముందు గోడు చెప్పుకోవడానికి, తర్వాత నాలుగు డబ్బులకి, ఆ తర్వాత ఈ రెండింటికీ కాక ఇంకో దానికి కూడా.

మన ఇళ్ళలో పాత చీరలన్నీ పోగేసి బొంత కుట్టడం ఎరిగినవాళ్ళకి ఈ పని కొత్తగా ఉండదు. ఏ ముక్క ఎవరిదో కుట్టేవాళ్ళకి తెలుసు. ఇది అమ్మమ్మ జరీ చీర, ఇది పెద్దాడి స్కూలు నిక్కరు అంటూ బొంత మీద వేలు పెట్టి చూపిస్తారు. చిలీ ఆడవాళ్ళు చేసింది కూడా ఇంచుమించు ఇదే. కాకపోతే ఆ చొక్కా తొడుక్కునే మనిషి ఇంటికి రాలేదు. మాయమైనవాడి ప్యాంటు గుడ్డ కత్తిరించి, గుడ్డబొమ్మకి అదే ప్యాంటుగా తొడిగినవాళ్ళున్నారు. తన జుట్టు కత్తిరించి బొమ్మ తలకి కుట్టినవాళ్ళున్నారు.

నన్ను ఈ కథలో పట్టి లాగింది వేరే విషయం. అప్పటి చిలీలో పత్రికల మీద సెన్సారు. పాటగాడు విక్తోర్ హారాని కాల్చి చంపారు. గోడ మీద రాస్తే జైలు, కరపత్రం పంచితే జైలు. అలాంటి చోట ఇన్నేళ్ళు, ఇన్ని వందల గుడ్డలు ఆడవాళ్ళు ఎలా కుట్టగలిగారు? జవాబు చాలా మామూలుది. కుట్టుపనిని మొదట్లో ఎవరూ పట్టించుకోలేదు. సంచిలో రంగు గుడ్డలు, ఊలు ఉండలు పెట్టుకుని బస్సెక్కిన ఆడమనిషిని ఏ సైనికుడు ఆపి ఏమడుగుతాడు? అందులో రాజకీయం ఉంటుందని ఆ బుర్రకి తట్టాలి కదా. సర్కారుకి అనుకూలమైన పత్రికలు వీటిని దేశానికి అప్రతిష్ఠ తెచ్చే గుడ్డలని తిట్టేనాటికే, ఆర్పియేరాలు చర్చి మనుషుల సామాన్లలో, మనుషుల హక్కుల కోసం పనిచేసేవాళ్ళ పెట్టెల్లో సముద్రాలు దాటేశాయి. చాలావాటికి వెనక ఓ చిన్న జేబు ఉండేది. అందులో మడతపెట్టిన చీటీ. దాన్ని విప్పి చదివితే ముందున్న బొమ్మ కథ తెలుస్తుంది. కుట్టినామె సంతకం మాత్రం ఎక్కడా ఉండేది కాదు.

చిన్నచూపు అనేది ఒక్కోసారి గొప్ప చాటు. పోలీసు కన్ను చూడదలచుకోని చోట ఏదైనా చెయ్యొచ్చు. అంతకు అరవై ఏళ్ళ ముందు లండన్‌లోనూ ఇదే ఎత్తు పారింది. ఓటు హక్కు అడిగి 1912లో హాలోవే జైలుకి వెళ్ళిన ఆడవాళ్ళు చేతిరుమాలు మీద తమ సంతకాలు దారంతో కుట్టారు. అరవైకి పైగా పేర్లున్న ఆ రుమాలు ఇప్పటికీ భద్రంగా ఉంది. కుట్టుపని నేర్పితే ఆడపిల్ల తల వంచుకుని ఇంట్లో పడుంటుందనుకున్న కాలం అది. తల వంచుకునే కుట్టారు, నిజమే. ఏం కుట్టారో అడగకపోవడం అవతలివాళ్ళ పొరపాటు.

అయితే ఈ చాటుకి ఇంకో మొహం ఉంది. దాన్ని చూడ్డానికి చిలీ దాకా అక్కర్లేదు, పశ్చిమగోదావరి జిల్లా నరసాపురం చాలు.

అక్కడి లేసు అల్లిక సంగతి తెలియనివాళ్ళుండరు. మిషనరీల కాలంలో మొదలై, ఊళ్ళకి ఊళ్ళు ఆడవాళ్ళ చేతుల్లో క్రోషా సూదులు ఆడుతుంటే, సరుకు యూరప్ భోజనాల బల్లల మీదికి వెళ్ళింది. జర్మన్ సామాజిక శాస్త్రవేత్త మరియా మీస్ అక్కడ ఉండి పరిశోధన చేసి 1982లో ఒక పుస్తకం వేశారు. ఆమె తేల్చిన సంగతి ఇది: పొద్దుణ్ణుంచి రాత్రి దాకా అల్లే ఆడవాళ్ళు అసలు పనివాళ్ళ లెక్కలోకే రారు. వాళ్ళు 'ఇంట్లో ఉండేవాళ్ళు'. అల్లిక 'తీరిక వేళ పని'. ఆ ఒక్క మాట వల్ల కూలి ఎంత తక్కువ ఇచ్చినా చెల్లిపోయింది. ఎగుమతి చేసినవాళ్ళు మేడలు కట్టారు. అల్లినామె మొగుడు కూడా 'ఏదో కాలక్షేపానికి చేస్తుంది' అనే చెప్పాడు, ఇల్లు ఆ కాలక్షేపం మీదే నడుస్తున్నా సరే.

చిలీలో సైనికుడి కళ్ళు కప్పిన చిన్నచూపే, నరసాపురంలో కూలి డబ్బులు కొట్టేసింది. చేతిపనితో ఉద్యమం చేస్తామని ఉత్సాహంగా బయల్దేరే ఎవరికైనా నేను మొదట చెప్పే సంగతి ఇదే. మీ పనిని లోకం తేలిగ్గా చూడటం మీకు పనికొచ్చేది కొంతదూరమే. ఆ తర్వాత ఆ చిన్నచూపు మీదే తిరగబడాలి.

దాని మీద తిరగబడ్డ మనిషి మనకి బాగా తెలిసినవాడే. గాంధీ అనగానే రాట్నం, రాట్నం అనగానే నోటు మీద బొమ్మ, గోడ మీద క్యాలెండరు అయిపోయి, ఆయన చేసిన పనిలోని అల్లరి మనకి కనబడకుండా పోయింది. వడకడం అంటే అప్పటికి ఈ దేశంలో ముసలమ్మల పని, బీదాళ్ళ పని. ఆయన ఆ పనిని తీసుకెళ్ళి బారిస్టర్ల ఒళ్ళో పెట్టాడు. 1921 మార్చి ఆఖర్లో బెజవాడలో కాంగ్రెస్ మహాసమితి కూర్చుని, కోటి రూపాయల తిలక్ నిధి, కోటిమంది సభ్యులు, ఇరవై లక్షల రాట్నాలు అని లక్ష్యం పెట్టుకుంది. ఒక రాజకీయ పార్టీ, డబ్బుతో, మనుషులతో సమానంగా రాట్నాలని లెక్కపెట్టడం ఇంకెక్కడైనా జరిగిందా? 1924 చివర బెల్గాంలో ఇంకో మెట్టెక్కారు. కాంగ్రెస్ సభ్యత్వానికి చందా నాలుగణాలు కాదు, నెలకి రెండు వేల గజాల నూలు! రోజుకి అరగంట వడికితే సరిపోతుందని గాంధీ లెక్క.

ఊహించుకోండి. జీవితంలో తన గ్లాసు తను కడుక్కోని పెద్దమనిషి, కోర్టు నుంచి ఇంటికొచ్చి, ఏకు పట్టుకుని, తెగిపోయే దారాన్ని మాటిమాటికీ అతుక్కుంటూ కూర్చోవడం! సహజంగానే అది ఏడాది కూడా నిలవలేదు. ఇంకొకరు వడికిన నూలు తెచ్చి ఇవ్వొచ్చనే వెసులుబాటు మొదట్నుంచీ ఉండనే ఉంది. చాలామంది ఇంట్లో ఆడవాళ్ళ నూలో, బజార్లో కొన్న నూలో అప్పగించి చేతులు దులుపుకున్నారు. 1925 సెప్టెంబరులో పట్నాలో మళ్ళీ నాలుగణాల చందాకి తలుపులు తెరిచారు. రాట్నం పనికి చరఖా సంఘం అని వేరే సంస్థ పెట్టారు.

ఓడిపోయిన ఆలోచనే. కానీ నాకు స్వాతంత్ర్య పోరాటంలో ఇంతకన్నా పదునైన ఆలోచన కనబడదు. ఉపన్యాసం ఎవరిచేతైనా రాయించుకోవచ్చు, చందా నాన్నగారి డబ్బుతో కట్టొచ్చు. అరగంట సేపు ఏకు మీద వేళ్ళు ఆడించడం మాత్రం స్వయంగా చెయ్యాల్సిందే. అందుకే అందరికీ అంత ఒళ్ళు మండింది.

మండినవాళ్ళలో ఠాగూర్ కూడా ఉన్నాడు. ఆయన కోపం వేరే రకం, తీసిపారేయదగ్గది కాదు. అదే ఏడాది మోడరన్ రివ్యూ పత్రికలో రాస్తూ, దేశమంతా కలిసి ఆలోచన అక్కర్లేని ఒకే పనిని ఒకే తీరున చేస్తే మనసులు మొద్దుబారతాయన్నాడు. గాంధీ తన పత్రిక యంగ్ ఇండియాలో బదులిచ్చాడు. ఇద్దరి మధ్యా గౌరవం చెడలేదు కానీ వాదం తెగలేదు. నాకు మనసు ఠాగూర్ వైపే మొగ్గుతుంది. అందరూ ఒకే పని చెయ్యాలన్న చోట నాకు ఊపిరాడదు. కానీ ఆ చర్చి హాళ్ళలో కూర్చున్న ఆడవాళ్ళని తలుచుకుంటే ఒక సందేహం వస్తుంది. చేతులు ఒకే పని మీద ఉన్నప్పుడు నోరు ఖాళీగా ఉంటుంది. చూపు సూది మీదే ఉంటుంది కాబట్టి ఎదుటివాళ్ళ మొహం చూడక్కర్లేదు. అప్పుడే మనిషి అసలు మాట చెబుతాడు. అప్పడాలు ఒత్తేటప్పుడో, పప్పు ఏరేటప్పుడో ఇంట్లో గుట్లన్నీ బయటికొచ్చేది అందుకే. ఒకే తీరు పని మనసుని మొద్దుబార్చడం సంగతేమో కానీ, నాలుకని మాత్రం వదులు చేస్తుంది. రాజ్యానికి అది చాలా ప్రమాదం.

ఖద్దరు ఉద్యమానికి ఆడవాళ్ళని వీధిలోకి తెచ్చిన పేరు కూడా ఉంది. 1923లో కాకినాడ కాంగ్రెస్ మహాసభల దగ్గర ఖద్దరు ప్రదర్శన పెట్టారు. వలంటీరుగా గుమ్మం దగ్గర నిలబడ్డ పద్నాలుగేళ్ళ పిల్ల, టికెట్ లేదని జవహర్‌లాల్ నెహ్రూని లోపలికి పోనివ్వలేదు. టికెట్ కొన్నాకే వదిలింది. ఆ పిల్ల తర్వాత రాజ్యాంగసభలో కూర్చున్న దుర్గాబాయి. గుడ్డ కన్నా ఆ గుమ్మం దగ్గరి ధీమానే ఖద్దరు మనకిచ్చిన పెద్ద సొత్తు అని నాకనిపిస్తుంది.

ఇక ఆ గుడ్డని నిజంగా చేసే చేతుల దగ్గరికి వెళ్దాం. శ్రీకాకుళం జిల్లా పొందూరులో సన్న ఖద్దరుకి దూది సిద్ధం చేసే తీరు చూస్తుంటే, ఇంత ఓపిక మనుషులకి ఎక్కణ్ణుంచి వచ్చిందా అనిపిస్తుంది. గింజతో ఉన్న పత్తిని ముందు వాలుగ చేప దవడ ఎముకతో దువ్వుతారు. ఆ దవడకి సన్నటి పళ్ళు వరసగా ఉంటాయి, మనిషి చేసిన ఏ దువ్వెనకీ అంత మెత్తటి పన్ను రాదంటారు. దువ్విన దూది నుంచి గింజ తీసి, ఏకి, ఏకులుగా చుట్టి, నలగకుండా ఎండిన అరటి దొప్పలో దాస్తారు. ఆ తర్వాతే రాట్నం, ఒకే ఒక కదురు. వచ్చే నూలు వంద కౌంటు. అంటే ఒక్క పౌను దూదిలో 84 వేల గజాలు. అరకిలో కూడా లేని దూది దాదాపు డెబ్బై ఏడు కిలోమీటర్ల దారంగా సాగుతుందన్నమాట. ఆ దారం తీసే వేళ్ళు చాలావరకు పెద్ద వయసు ఆడవాళ్ళవి. గాంధీ దాకా వెళ్ళిన పేరు ఆ ఊరిది. రోజంతా వడికితే వచ్చే కూలి మాత్రం, ఆ గుడ్డ కట్టుకుని వేదికలెక్కేవాళ్ళ ఒక పూట కాఫీ ఖర్చుతో పోటీ పడలేని స్థితిలోనే ఉంటూ వచ్చింది.

ఇక్కడే నాకు పేచీ. వడికే చేతిని గౌరవించడానికి పుట్టిన గుడ్డ, వడకని ఒంటి మీదికెక్కి గంజి పెట్టించుకుంది. ఇస్త్రీ మడత నలగని తెల్ల ఖద్దరు చూస్తే జనం నాయకుడని లేచి నిలబడ్డారు. నూలు ఎవరు తీశారని ఎవరూ అడగలేదు. చిలీలోనూ ఇలాగే జరిగింది. 1990లో సైనిక పాలన పోయాక ఆర్పియేరాలు టూరిస్టులు కొనుక్కెళ్ళే వస్తువులయ్యాయి. కొండలు అలాగే ఉన్నాయి, సూర్యుడు అలాగే ఉన్నాడు, ఫొటో పట్టుకున్న బొమ్మ స్థానంలో పళ్ళు కోస్తున్న బొమ్మ వచ్చింది. కుట్టేవాళ్ళని తప్పు పట్టలేం. ఏది అమ్ముడుపోతే అది కుడతారు, కడుపు నిండాలి కదా. వస్తువు మిగులుతుంది, వాడి పోతుంది.

2017 జనవరిలో అమెరికాలో లక్షలాది ఆడవాళ్ళు తలకి గులాబీరంగు ఊలు టోపీలు పెట్టుకుని ఊరేగారు. మొదట నమూనా ఉచితంగా పంచి, ఎవరికి వాళ్ళు అల్లుకోండి, అల్లి తెలియనివాళ్ళకి ఇవ్వండి అన్నారు. అంతవరకూ బాగుంది. తర్వాత అదే టోపీ దుకాణాల్లో తయారుగా దొరికింది. కొనుక్కున్న టోపీ ఫొటోలో బాగానే పడుతుంది, అంతకు మించి దానితో పనిలేదు.

ఆ దేశంలోదే ఇంకొకటుంది, దాన్ని మాత్రం ఎవరూ కొనలేరు. ఎయిడ్స్‌తో చచ్చిపోయినవాళ్ళ పేరెత్తడానికి కూడా లోకం భయపడుతున్న రోజుల్లో, క్లీవ్ జోన్స్ అనే ఆయన మొదలుపెట్టిన బొంత. ఒక్కో మనిషికి మూడడుగుల వెడల్పు, ఆరడుగుల పొడవు ముక్క. సమాధి కొలత. 1987 అక్టోబరులో వాషింగ్టన్ మైదానంలో మొదటిసారి పరిచినప్పుడు 1,920 ముక్కలు. ఇప్పుడు సుమారు యాభై వేలు, బరువు 54 టన్నులు. కుట్టినవాళ్ళలో సూది పట్టడం అప్పుడే నేర్చుకున్న మగవాళ్ళు బోలెడుమంది. వంకర కుట్లు, ఎగుడుదిగుడు అక్షరాలు, జీన్స్ ముక్కలు, ఎలుగుబంటి బొమ్మలు. ప్రభుత్వం పలకని పేర్లని మైదానంలో నిలబడి ఒక్కొక్కటిగా పైకి చదివారు. అందంగా కుట్టడం రాదని అక్కడెవరూ సిగ్గుపడలేదు.

సూదిలో దారం ఎక్కించడానికే కళ్ళజోడు వెతుక్కునే నాలాంటివాళ్ళకి ఇది కొంత ధైర్యం. నైపుణ్యం ఉండాలని లేదు, చెయ్యి ఉండాలి. నైపుణ్యం ఉన్నవాళ్ళకి కూలి అందాలి. ఈ రెండూ వేరువేరు పోరాటాలు. రెండోదాన్ని మర్చిపోయి మొదటిదాన్ని మాత్రం వేడుకగా చేసుకుంటే, నరసాపురం ఆడవాళ్ళ ముందు మనం ఎగుమతి వ్యాపారుల పక్కనే నిలబడతాం. ఆగస్టు 7న, జాతీయ చేనేత దినోత్సవం నాడు, చేనేత చీర కట్టుకుని ఫొటో పెట్టుకోవడం ఇష్టమైతే పెట్టుకుందాం, నేనూ పెడతాను. కాకపోతే ఆ చీర మగ్గం మీదిదో, మరమగ్గం మీది నకలో ఓసారి అడిగి కొందాం.

చివరగా జెండా సంగతి. బెజవాడలో 1921లో పింగళి వెంకయ్య గాంధీకి చూపించిన జెండాలో రాట్నం ఉంది. 1947 జులై 22న ఆ స్థానంలోకి అశోకచక్రం వచ్చింది. రాట్నం బొమ్మ పోయినా రాట్నం పని పోలేదు. జాతీయజెండా చేత్తో వడికి చేత్తో నేసిన గుడ్డతోనే ఉండాలన్న నియమం చాలాకాలం నిలిచింది. 2021 డిసెంబర్ 30న ఆ నియమం మార్చి, మరల మీద చేసినవీ, పాలిస్టర్‌వీ కూడా చెల్లుతాయన్నారు. మరుసటి ఏడాది ఇంటింటా జెండా ఎగిరింది. ప్రమాణాల సంస్థ ముద్రతో జాతీయజెండాలు తయారుచేసే హుబ్బళ్ళి దగ్గరి బెంగేరి ఖాదీ సంఘం నిరసన తెలిపింది. అక్కడ కుట్టేవాళ్ళూ ఎక్కువగా ఆడవాళ్ళే. ఇంటింటికీ జెండా చేరాలంటే చవగ్గా ఉండాలన్న వాదన నాకు అర్థమవుతుంది. కానీ ఈ దేశంలో చేతిపనికి ఇచ్చిన పెద్దపీట అది. దాన్ని తీసెయ్యడం తప్పు.

నియమం మారిందే కానీ ఖద్దరు జెండా మానెయ్యమని ఎవరూ చెప్పలేదు. వచ్చే ఆగస్టుకి కొనబోయేది ఖద్దరు జెండానే కొనండి. ధర ఎక్కువనిపిస్తే చిన్న సైజు తీసుకోండి.